బోర్లా పరిచిన ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. పేరు వినగానే మీరు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. కూడలిలో దారికి అడ్డంగా వేలాడుతూ, ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ చేతులు జోడిస్తూ, గాలి వస్తే టపటపా కొట్టుకునే జాతి మాది. మాలో పుట్టినరోజు ఫ్లెక్సీలున్నాయి, ఓణీల ఫంక్షను ఫ్లెక్సీలున్నాయి, కొత్త సినిమా ఫ్లెక్సీలకైతే పాలాభిషేకాలు కూడా జరుగుతాయి. నేను మాత్రం చావు ఫ్లెక్సీని. అరిచి చెప్పడానికే పుట్టినదాన్ని, నా మీద అచ్చయిన మాటను కొన్నాళ్ళపాటు పొట్ట కింద దాచుకుని పడుకోవలసి వచ్చింది. అప్పుడు నేను పడిన కంగారు పగవాళ్ళకు కూడా వద్దు.

నేను పుట్టింది ఓ చిన్న పట్నంలో, బస్టాండు పక్కనున్న ప్రింటింగు షాపులో. ఆ షాపు కుర్రాడి కంప్యూటర్లో మనిషి బతుకంతా ముందే సిద్ధంగా ఉంటుంది. పుట్టినరోజుకి కేకు, గృహప్రవేశానికి మామిడి తోరణం, చావుకి కొవ్వొత్తీ గులాబీల దండా. మొహం ఒక్కటి తెచ్చిస్తే చాలు, మిగతాది వాడు చూసుకుంటాడు. నా కోసం వచ్చినవాడు తాతారావు. మొగపేట అనే మత్స్యకారుల ఊళ్ళో యువజన సంఘానికి అధ్యక్షుడు. ఆ ఊరి మీదుగా తుఫాను వెళ్ళి అప్పటికి వారం కూడా కాలేదు.

"రేపు పొద్దున్న మంత్రిగారు వత్తన్నారు. షెల్టరు గేటుకి కట్టాల. బేగి కానీ" అన్నాడు.

తాతారావు చెడ్డవాడేమీ కాదు. సముద్రం ఊళ్ళోకి వచ్చిన రాత్రి ముసలివాళ్ళను వీపున వేసుకుని తుఫాను షెల్టరుకు చేర్చినవాడు. అయితే ఫ్లెక్సీ కట్టకపోతే ఏ పనీ జరిగినట్టు కాదని గట్టిగా నమ్మేవాడు. నా పై వరసలో నాయకులు, హోదాను బట్టి పెద్ద మొహం నుంచి చిన్న మొహం దాకా. వరస చివర తాతారావు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. మధ్యలో 'కన్నీటి నివాళి' అని ఎర్రటి అక్షరాలు. ఇంతమందీ పోగా మిగిలిన చోటులో, చనిపోయిన ఐదుగురు.

అసలు గొడవంతా ఆ ఐదుగురి దగ్గరే ఉంది. హెచ్చరిక అందేలోపే వేటకు వెళ్ళిపోయిన బోటు ఒకటుంది. అందులో ఐదుగురు మనుషులు. ఇద్దరి శవాలు ఎక్కడో ఒడిశా ఒడ్డున దొరికాయి. ముగ్గురి జాడ లేదు. షాపు కుర్రాడికే అనుమానం వచ్చింది.

"ఐదుగురికీ దండ వేసేయమంటావా అన్నా? ముగ్గురు దొరకలేదంటున్నావు కదా."

"ఆళ్ళకి మళ్ళీ యేరేగా ఇంకోటి యెయ్యాలేట్రా? మంత్రిగారు మళ్ళీ మళ్ళీ వత్తారేటి?" అన్నాడు తాతారావు.

అలా, దొరికినవాళ్ళకూ దొరకనివాళ్ళకూ ఒకే దండ పడింది. రంగు పూర్తిగా ఆరకముందే నన్ను చుట్ట చుట్టి ఆటో ఎక్కించారు. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. నేను చెప్పబోయేది నిజమేనా? కాకపోతే ఏమిటి గతి? మా జాతిలో ఇలాంటి సందేహాలు ఎవరికీ రావు. నాకే ఎందుకు వచ్చాయో తెలియదు.

తెల్లవారి షెల్టరు గేటుకు నన్ను కడుతుండగా నూకరత్నం వచ్చింది. దొరకని ముగ్గురిలో ఒకడైన కోదండు ఆవిడ భర్త, ఆ బోటు నడిపే సరంగు. ఆవిడకు చదువు రాదు. మొహం చూసింది, మొహం కింద దండ చూసింది, అంతే.

"సెవం సూసినావేట్రా తాతారావా? నీ కళ్ళతోటి సూసినావా? నా పెనిమిటికి దండేసీడానికి నువ్వెవడివిరా?"

"అది కాదు రత్నమప్పా..."

"తియ్యి. నా గుంట నిద్దర నేచీలోపు తియ్యాల. నేకపోతే నానే అంటించేత్తాను."

ఆ ఊళ్ళో శవాన్ని కళ్ళారా చూసేదాకా భార్య గాజులు తీయదు, బొట్టు చెరపదు. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి లేడని చెప్పే హక్కు సముద్రానికి తప్ప ఇంకెవరికీ లేదని వాళ్ళ లెక్క. తాతారావూ ఆ ఊరివాడే, ఆ సంగతి తెలియనివాడు కాదు. మంత్రిగారు వస్తున్నారన్న హడావిడిలో మరిచిపోయాడు. నూకరత్నం నా వైపు ఊపుతున్న చేతినిండా గాజులు గలగలమంటుంటే అతను తలొంచుకుని తాళ్ళు విప్పించాడు. షెల్టరు వాచ్‌మన్ బైరాగి నన్ను మెట్ల కింద బియ్యం బస్తాల వెనక్కి తోసేశాడు. కాల్చేసి ఉంటారనే నూకరత్నం అనుకుంది.

మెట్ల కింద చీకట్లో పడుకుని నేను ఆ షెల్టరు సంగతులన్నీ విన్నాను. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయిన కుటుంబాలు అక్కడే ఉంటున్నాయి. కిటికీ రెక్క టప్పున కొట్టుకుంటే చాలు, పిల్లలంతా ఒక్కసారి కెవ్వుమనేవారు. పదేళ్ళు దాటిన పిల్లలు పక్క తడిపేసి, తల్లులు తిడతారని తడి బట్ట మీదే పడుకునేవారు. కాస్త పెద్ద పిల్లలు ఏడవకుండా గోళ్ళు కొరుక్కునేవారు. నీళ్ళ బిందె ఒలికినా వాళ్ళు లేచి గోడకు అంటుకుపోయేవారు.

నా తల మీద మెట్టుపైన రోజూ ఓ పిల్ల కూర్చునేది. నూకరత్నం కూతురు కుసుమ, తొమ్మిదేళ్ళు. తండ్రి ఎక్కిన బోటు తిరిగి రాలేదని తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నోరు విప్పలేదు. సముద్రం వైపు చూస్తూ కూర్చునేది. తల్లి వచ్చి భుజం పట్టుకుని "రేపొత్తాడే, లెగు, గంజి తాగుదువు" అనేది. కుసుమ లేచేది. మర్నాడు మళ్ళీ అక్కడే. మళ్ళీ ఆవిడ "రేపొత్తాడే" అనేది. చెప్పి చెప్పి ఆవిడ గొంతు అరిగిపోతోందని నాకు పైనుంచి వినిపించేది. ఆ పిల్ల కాళ్ళ కిందే నేను, నాలో ఆ పిల్ల తండ్రి, ఆయన మెడలో దండ. ఎవరైనా ఒక బస్తా జరిపితే ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు పట్నం నుంచి రోజ్లిన్ అనే ఆవిడ వచ్చింది. ఇలాంటి గండం గడిచిన పిల్లల దగ్గర కూర్చుని, వాళ్ళందరి చేతా కలిపి బొమ్మలు వేయించడం ఆవిడ పని. "ఇళ్ళ మీద కప్పుల్నేవు, బొమ్మలేటమ్మా?" అని పెద్దవాళ్ళు నవ్వారు. "కప్పులు వేసేవాళ్ళు వేరే వస్తారండి, నాకు వచ్చింది ఇదే" అని సణిగింది. గాలి గట్టిగా వీస్తే ఆవిడ కూడా పిల్లలతోపాటు ఉలిక్కిపడేది. ఆ సంగతి పిల్లలు కనిపెట్టేశారు. ఆవిడను నమ్మడానికి అదే కారణమని నా అనుమానం.

మొదట చార్టు కాగితాలు పంచింది. షెల్టరు నేల ఇంకా చెమ్మగానే ఉంది, కాగితాలు అంబలి అయ్యాయి. పైగా ఒక్కో పిల్ల ఒక్కో కాగితాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, చేయి అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి గీసుకునేది. ఇలా లాభం లేదు, అందరూ చుట్టూ కూర్చోగలిగే పెద్దది ఒకటి కావాలంది రోజ్లిన్. సాయం లారీల్లో లేనిది లేదు. చలికోట్లు వచ్చాయి, ఎత్తు మడమల చెప్పులు వచ్చాయి, జరీ చీరలు వచ్చాయి. ఆరిన తెల్లగుడ్డ ఒక్కటి మాత్రం ఎవరూ పంపలేదు.

"ఓ పట్టా ఉందమ్మా. తడవదు, ఎనకంతా తెలుపే" అని బైరాగి నన్ను బయటకు లాగాడు.

రోజ్లిన్ నన్ను సగం విప్పింది. ఒక్క క్షణం చూసి గబుక్కున మళ్ళీ చుట్టేసింది.

"ఇది పిల్లల కింద పరవమంటావా?"

"బోర్లా యెయ్యండమ్మా. కింద ఏటున్నాదో ఎవలు సూత్తారు?"

ఆవిడ ఆ రోజంతా తటపటాయించింది. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి దుప్పటి ఉందా అని అడిగింది. మర్నాడు ఇంకో దారి లేక నన్ను బోర్లా పరిచి, నాలుగు మూలలా సిమెంటు ఇటుకలు పెట్టింది. "అంచులు ఎవ్వరూ ఎత్తకూడదు" అని పిల్లలకు చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ గొంతు అవసరానికి మించి పైకి లేచింది. పిల్లల దగ్గర ఏదీ దాచకూడదని నలుగురికీ చెప్పే మనిషి, ఇప్పుడు తనే దాస్తోంది.

ఇక నా స్థితి చూడండి. కింద చల్లటి నేలకు మొహాలు ఆనించిన ఐదుగురు మగాళ్ళు, చేతులు జోడించిన నాయకులు. నా వీపు మీద వాళ్ళ పిల్లలు. మోకాళ్ళతో పాకుతారు, మోచేతులు ఆనిస్తారు, చెక్కిలి పెట్టి పడుకుంటారు కూడా. ఎవరు కొంచెం జరిగినా నా అంచు లేస్తుందేమోనని బిగుసుకుపోయేదాన్ని.

మొదటి రోజే ఇంకో చిక్కు వచ్చింది. నా ఒంటి మీద క్రేయాన్లు జారిపోతాయి, స్కెచ్ పెన్ను తుడిస్తే పోతుంది. దానికి ఉపాయం పిల్లలే చెప్పారు. వేట మొదలయ్యే ముందు ప్రతి ఏడూ బోట్లకు రంగులు వేస్తారు కదా, ఆ మిగిలిన డబ్బాలు చాలా ఇళ్ళలో ఉంటాయి. తుఫాను నీళ్ళకు అవి తేలాయి గాని మునగలేదు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, నీలం అన్నీ వచ్చాయి. రోజ్లిన్ పిల్లలను గుంపులు చేసి గుంపుకొక డబ్బా ఇచ్చింది. వేరే రంగు కావాలంటే ఆ డబ్బా ఉన్నవాళ్ళను నోరు తెరిచి అడగాలి. అడగకుండా తీసుకోకూడదు, అడిగితే లేదనకూడదు. ఇంకొకరు వేసిన బొమ్మ మీద గీయాలన్నా వాళ్ళను అడగాలి. ఏమిటా బొమ్మ అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఇవే ఆవిడ పెట్టిన పద్ధతులు.

నీలం డబ్బా ఎవరూ ముట్టుకోలేదు. అది సముద్రం రంగు. ఆఖరికి కుసుమ వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది వాళ్ళ నాన్న బోటుకు వేయగా మిగిలిన డబ్బానే.

కొన్నాళ్ళు పిల్లలంతా నా అంచుల వెంబడే బొమ్మలు వేశారు. కప్పులున్న ఇళ్ళు వేశారు. కప్పు మీద నిలబడ్డ మేకను వేశారు. విరిగిన కొబ్బరిచెట్లు, పులిహోర పొట్లాలు విసిరిన హెలికాప్టరు వేశారు. ఎవరూ ఎవరితో అనుకోలేదు గాని, నా నడుమంతా తెల్లగా వదిలేశారు. అక్కడికి వచ్చేసరికి కుంచె ఆగిపోయేది. ఊరికి ఎదురుగా ఉండేది ఏమిటో వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు, రోజ్లిన్‌కూ తెలుసు. "సముద్రం వేయరా?" అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అనకుండా ఉండడానికి నాలుక కొరుక్కోవడం నేను చూశాను. నీలం కావాలని కుసుమను ఎవరూ అడగలేదు. ఆ పిల్ల డబ్బా మూత తీసి పెట్టుకుని, చూస్తూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పెనుగాలి లేచింది. కిటికీ రెక్కలు బాదుకున్నాయి. పిల్లలంతా అరుస్తూ నా నడిమధ్యకు పరిగెత్తి ఒకరి మీద ఒకరు పడి కరుచుకున్నారు. రోజ్లిన్ కూడా చెవులు మూసుకుని అందులోనే కూర్చుండిపోయింది. కాసేపటికి గాలి తగ్గింది. ఎవరూ విడిపోలేదు. అప్పుడు సింహాద్రి తల ఎత్తాడు. దొరికిన రెండు శవాల్లో ఒకటి వాళ్ళ నాన్నది. తలకొరివి పెట్టి గుండు చేయించుకున్న పన్నెండేళ్ళ వాడు, అప్పటిదాకా అందరినీ నవ్విస్తూ తిరుగుతున్నవాడు. వాడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"కుసుమా, కూసింత నీలం పెట్టవే" అన్నాడు.

కుసుమ డబ్బా జరిపింది. వాడు తన ఇంటి బొమ్మ దగ్గరికి పాక్కుంటూ పోయి, కప్పు మీదుగా ఓ పెద్ద కెరటం వేశాడు. "ఇలాగొచ్చింది. ఇంతెత్తు" అన్నాడు.

"అంతెత్తు కాదురా, ఇంకా పెద్దది" అంది ఒక పిల్ల.

"నువ్వు సూసినావేటి? నువ్వు మీ అమ్మ సంకలో కళ్ళు మూసుకున్నావు."

"నాను సూసినాను! మా మేకని నెత్తిమీంచి అట్టుకెళ్ళిపోనాది."

ఇక మొదలైంది. కెరటం ఎంత ఎత్తు అన్నదాని మీద వాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. అందరూ కుసుమ చుట్టూ మూగి నీలం అడిగారు. ఆ పిల్ల ఒకరి తర్వాత ఒకరికి పోస్తూనే ఉంది. సాయంత్రానికి నా నడుమంతా నీలం నిండిపోయింది. గొంతులు బొంగురుపోయేలా మాట్లాడారు, ఏడ్చారు, మధ్యలో ఎవరో తుమ్మితే అందరూ నవ్వారు. "రాత్రి గుంటలు కదలకుండా తొంగున్నారమ్మా" అని మర్నాడు బైరాగి ఆశ్చర్యంగా చెప్పాడు. నాకూ సంతోషంగానే ఉంది, కాని ఆ నీలం కింద ఎవరున్నారో తలుచుకుంటే సంతోషం నిలవలేదు.

మర్నాడు కుసుమ మొదటిసారి కుంచె పట్టింది. ఆ నీలం సముద్రం మీద, నీలం రంగుతోనే ఒక బోటు వేసింది. నీలం మీద నీలం, ఏమీ కనబడలేదు. వాళ్ళ నాన్న బోటుకు నడుమ పసుపు పట్టీ ఉండేది. అది వేస్తేగాని బోటు తేలదు. పసుపు డబ్బా సింహాద్రి దగ్గరుంది. కుసుమ వాడి ముందు చేయి చాపింది.

"అడగాల. నోటితోటి అడగాల. మేడమ్ సెప్పినారు కదేటి" అన్నాడు వాడు. వాడి ఉద్దేశం మంచిదే.

రోజ్లిన్ లేవబోయి మళ్ళీ కూర్చుంది. కుసుమ పెదవులు కదిలాయి. మాట రాలేదు. చాపిన చేయి వెనక్కి పోయింది. సింహాద్రికి సిగ్గేసి డబ్బా తనే ముందుకు తోశాడు. ఆ పిల్ల తీసుకోలేదు, కుంచె కింద పెట్టేసి మెట్ల మీదికి పోయి కూర్చుంది. "పద్ధతులు పెట్టి ఆ పిల్లను ఇంకా బిగించేశానేమో" అని రోజ్లిన్ ఎవరితోనూ కాకుండా అనుకుంది. వచ్చిన దారినే వెనక్కి పోతున్నామేమోనని నాకూ భయం పట్టుకుంది.

పడవ రంగు ఓ పట్టాన ఆరదు. లోపల వాసనకు పిల్లలకు తల తిరుగుతోందని మర్నాడు నన్ను బయట ఇసుకలో ఆరేశారు. అంచులు పట్టుకుని పిల్లలే మోశారు, రోజ్లిన్ పక్కనే వంగి నడుస్తూ "జాగ్రత్త, జాగ్రత్త, తిప్పకండి" అంటూనే ఉంది. మూలల్లో ఇటుకలు పెట్టారు. ఇసుకలో ఇటుక నిలవదు. సముద్రం మీద నుంచి గాలి నా కిందికి దూరింది. ఓ మూల లేచింది. బిగపట్టుకుందామని ఎంత చూసినా నా వల్ల కాలేదు. గాలికి లొంగిపోవడం మా పుట్టుకలోనే ఉంది. ఇటుక దొర్లింది, నేను నిలువునా లేచి, చప్పున అటు తిరిగి వెల్లకిలా పడ్డాను.

ఐదు మొహాలు, ఐదు దండలు, ఎండలో.

రోజ్లిన్ పరిగెత్తుకొచ్చి మీది చున్నీ తీసి కప్పబోయింది. చున్నీ ఎంత, నేనెంత? ఒక మొహం కప్పితే ఇంకొకటి బయటపడుతోంది. సింహాద్రి "మా అయ్య" అని నెమ్మదిగా అన్నాడు. కుసుమ గుంపులోంచి నడిచి వచ్చింది. చివరి మొహం దగ్గర గొంతుక్కూర్చుంది. ఇక ఈ పిల్ల జన్మలో మాట్లాడదు, దానికి కారణం నేనే అనుకున్నాను.

ఆ ఫొటో ఏదో పెళ్ళిలోది. కోదండు మెరిసే చొక్కా వేసుకుని నవ్వుతున్నాడు. భుజం మీద గాజులు వేసుకున్న చిన్న చేయి ఒకటి ఉంది. మణికట్టు దాకానే ఉంది, అక్కడితో షాపు కుర్రాడు కత్తిరించేశాడు. కుసుమ దండను చూడలేదు. ఆ చేతి మీద వేలు పెట్టింది.

"నానేదీ?" అంది.

తుప్పుపట్టిన గడియ తీసినట్టుంది ఆ గొంతు. ఎవరికీ అర్థం కాలేదు.

"అత్త పెళ్ళిలోది ఇది. ఇది నా సెయ్యి. ఇందల అయ్య పక్కన నానుండాల. నానేదీ?"

రోజ్లిన్ చున్నీ వెనక్కి తీసేసుకుంది. కుసుమ వెనక్కి తిరిగింది.

"సిమ్మాద్రీ, పసుపు పెట్టు."

వాడు డబ్బా కోసం షెల్టర్లోకి పరిగెత్తిన పరుగు ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. కుసుమ ఆ చేతి దగ్గర మొదలుపెట్టింది. మణికట్టు నుంచి మోచేయి, మోచేతి నుంచి భుజం, తర్వాత గౌను, తల, రెండు జడలు. కొవ్వొత్తి బొమ్మ ఉన్నచోట పసుపుపచ్చటి పిల్ల ఒకతె వచ్చి తండ్రి పక్కన నిలబడింది. "నానూ ఏసుకోనా?" అని సింహాద్రి అడిగాడు. "మీ అయ్య కాడ నువ్వే ఏసుకోవాల" అంది కుసుమ. వాడు తనను గుండుతోనే వేసుకున్నాడు. తండ్రులున్న పిల్లలు డబ్బాలు మోశారు, రంగులు కలిపారు, గాలికి నేను లేవకుండా నాలుగు మూలలా ఎక్కి కూర్చున్నారు.

ఎవరు చెప్పారో, నూకరత్నం గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఇదేటి మేడమ్? దీన్ని తగలెట్టేసినారనుకున్నాను. దీన్నా నా గుంట కింద పరిసినారు? మీకు పిల్లల్నేరేటి?"

"తప్పయిందమ్మా, మీకు ముందే చెప్పవలసింది" అంది రోజ్లిన్. వాదించలేదు. నూకరత్నం వినే స్థితిలో లేదు. వంగి నా అంచు రింగులో వేలు దూర్చింది, చింపేయడానికి.

"అమ్మా, ముట్టుకోకే. పచ్చిగున్నాది" అంది కుసుమ.

ఆవిడ చేయి అక్కడే ఆగిపోయింది. కూతురి గొంతు విని ఎన్నాళ్ళయిందో. ఇసుకలో చతికిలబడింది. కుసుమ తల ఎత్తకుండా జడకు రిబ్బను వేస్తూనే అడిగింది.

"అమ్మా, అయ్య వత్తాడా?"

రోజూ చెప్పే మాట నూకరత్నం నోటి దాకా వచ్చింది. "రేపొ..." అని ఆగింది. కూతుర్ని చూసింది, నన్ను చూసింది, సముద్రం వైపు చూసింది.

"తెల్దే తల్లీ. నాకు తెల్దు" అంది.

"మరి తెల్దని ముందే సెప్పొచ్చు కదే" అంది కుసుమ.

కోపంగా అనలేదు. కష్టమైన లెక్కకు జవాబు దొరికిన పిల్ల ఎలా అంటుందో అలా అంది. నూకరత్నం అప్పుడు ఏడ్చింది. అన్నాళ్ళుగా బిగపట్టిన ఏడుపంతా ఊరు వినేలా ఏడ్చింది. కుసుమ కుంచె పక్కన పెట్టి రంగు చేతులతోనే తల్లి కళ్ళు తుడిచింది. ఆవిడ మొహమంతా పసుపయింది. కాసేపటికి ఆ పిల్ల అక్కడే, తల్లి ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. 'చనిపోయాడు' అని అచ్చయిన నేనూ, 'రేపొస్తాడు' అన్న తల్లీ ఇద్దరం తెలియనిదాన్ని తెలిసినట్టు ఆ పిల్లకు చెప్పాం. తెలియదన్నదే నిజం, అదే ఆ పిల్లకు కావలసింది. పెద్దవాళ్ళకు ఆ ఒక్క మాట అనడానికి ఎందుకంత భయమో నాకు అంతుపట్టలేదు.

సాయంత్రం తాతారావు వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు లేకుండా. నన్ను చూసి, నల్లరంగు డబ్బా వైపు చేయి చాపాడు. "అడగాల" అన్నారు పిల్లలంతా ఒక్కసారి. "కూసింత నలుపు పెట్టండమ్మా" అని అతను అడిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, 'కన్నీటి నివాళి' అన్న అక్షరాలను తన చేత్తోనే పూర్తిగా కప్పేశాడు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. రోజ్లిన్ వేరే ఊరికి వెళ్ళిపోయింది. నేను ఇప్పుడు నూకరత్నం కొత్త ఇంటి వసారా గోడకు ఉన్నాను. సముద్రం బొమ్మ గోడవైపు, మొహాలు బయటివైపు. ఎటు తిప్పి కట్టాలో కుసుమే చెప్పింది. ఇప్పుడు దాని వాగుడు భరించలేక తల్లి విసుక్కుంటూ ఉంటుంది. కోదండు రాలేదు. నూకరత్నం గాజులు తీయలేదు. ఎవరైనా అడిగితే "తెల్దమ్మా" అంటుంది, అని చేపలు తోముకుంటుంది.

ప్రతి ఏడూ ఒడ్డున బోట్లకు రంగులు వేసే రోజుల్లో కుసుమ ఎవరినో అడిగి కాస్త పసుపు తెచ్చుకుంటుంది. గోడకు వీపు ఆనించి నిలబడి తల్లి చేత కొలిపించుకుని, నా మీదున్న తన బొమ్మను ఆ మేరకు పొడుగు చేస్తుంది. ఫొటోలో కోదండు మాత్రం అదే చొక్కాలో, అదే వయసులో నవ్వుతున్నాడు. నిరుడు ఆ పిల్ల ఆయన చెవి దాకా వచ్చింది. ఈ ఏడు ఆయన తల దాటి, పైనున్న తాతారావు గడ్డం మీదికి వచ్చింది. ఇలాగే పెరిగితే ఇంకో ఏడాదికో రెండేళ్ళకో నా అంచు అయిపోతుంది. అప్పుడు ఆ తలను ఎక్కడ వేసుకుంటుందోనని నాకు ఇప్పటి నుంచే బెంగగా ఉంది.